పెనుకొండలో మునిగిన సముద్రపు జెర్రి

ముందే చెప్పేస్తాను, ఆశలు పెట్టుకుని చదవకండి. మా సముద్రపు ఒడ్డు నుంచి ఒక జెర్రిని సీసాలో పెట్టుకుని రాయలసీమకి తీసుకెళ్ళాను. బతికున్నదాన్ని తెచ్చి చూపిస్తానని మాట ఇచ్చి మరీ తీసుకెళ్ళాను. అది చేరాల్సిన చోటికి బతికి చేరలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చూడనివాళ్ళకి దారిలో తిన్నవీ చూసినవీ కూడా చెప్తాను గానీ, నేను సరదాకి వెళ్ళిన ప్రయాణం కాదిది.

జెర్రి అనగానే మీకు బాత్రూం గోడ మీద పాకే లావుపాటిది గుర్తొస్తుంది, చేయి చెప్పు కోసం వెతుకుతుంది. ఇది అది కాదు. సేమ్యా పుల్లంత సన్నం, వేలెడు పొడుగు, ఇటుక రంగు. కళ్ళుండవు. సముద్రం పోటెక్కితే మునిగిపోయే రాళ్ళ కిందే దాని కాపురం. జెర్రులన్నీ నేల మీద బతికేవే. ఇలాంటివి ఏ కొన్నో ఉప్పునీళ్ళ అంచుకొచ్చి స్థిరపడ్డాయి. నీళ్ళు కప్పేసినంతసేపూ రాతి కింద ఊపిరి దాచుకుని పడుంటుంది. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గగానే బయటికొచ్చి చిన్నాచితకా పురుగుల్ని తింటుంది. దానికో లాటిన్ పేరుంది, అది మీకూ నాకూ అక్కర్లేదు.

దాన్ని నాకు మొదట చూపించింది షమీమ్. ఎమ్మెస్సీ జువాలజీలో నా పక్క బెంచీ, హాస్టల్లో నా పక్క మంచం. పెనుకొండ పిల్ల. మా ఫీల్డు ట్రిప్పులోనే మొదటిసారి సముద్రం చూసింది. మేమంతా లంగాలు ఎత్తిపట్టుకుని అలల్లోకి పరిగెడితే, ఆ మహాతల్లి మాత్రం ఏటి పాయ సముద్రంలో కలిసేచోట రాళ్ళు తిరగేస్తూ కూర్చుంది. "ఒసే సుగుణా, ఈడ జెర్రి ఉండాదే! ఉప్పునీళ్ళల్లో జెర్రి! మా కొండమీద ఉండాల్సింది ఈడేం చేస్తాండాదే?" అని అరిచింది. ఆ అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత నేను మా ఒడ్డునే లెక్చరరు అయ్యాను, తను ధర్మవరంలో. ఇద్దరం రిటైరయ్యాం. ఈలోగా షమీమ్ కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు మెషీను మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. ఈ వేసవి మొదట్లో ఫోను చేసింది. "సముద్రానికి నేనింక రాలేనే. నువ్వు ఆ జెర్రిని తీస్కోని రా. ఫోటోలు పంపొద్దు. ఫోటోలో అది తెగిన దారం మాదిరి ఉంటాది. నడుస్తాంటే చూడల్ల."

అంతే అడిగింది. డబ్బు అడగలేదు, కిడ్నీ అడగలేదు.

బయల్దేరడం

ఆటు చూసుకుని ఎన్నో పొద్దులు రాళ్ళు తిరగేశాను. నడుము విరిగింది గానీ దొరికింది. దొరికింది కూడా మామూలుది కాదు, గుడ్లు పెట్టిన తల్లి. ఆవగింజల కన్నా చిన్న గుడ్లు, వాటి చుట్టూ చుట్టగా చుట్టుకుని ఉంది. ఈ జెర్రి తల్లి గుడ్లు పొదిగినన్నాళ్ళూ తిండి ముట్టదు, పక్కకి కదలదు. షమీమ్‌కి ఇంతకన్నా మంచిది ఏం తీసుకెళ్తానని పొంగిపోయాను. వెడల్పు మూతి పచ్చడి సీసాలో తడి ఇసుక, పైన పలుచటి రాయి, మూతకి బెజ్జాలు. ఇసుక ఆరితే చల్లడానికి వేరే బాటిల్లో సముద్రపు నీళ్ళు.

రైల్లో ఎదుటి బెర్తాయన "మాగాయా అమ్మా?" అని అడిగాడు. జెర్రి అన్నాను. నవ్వాడు. సీసా దగ్గరగా పెట్టి చూపిస్తే, పెట్టె పట్టుకుని వేరే బోగీకి పోయాడు. నిద్ర మాత్రం బాగా పట్టింది.

దారి కూడా షమీమే వేసిపెట్టింది. "మంగళారం నాకు మెషీను. ఆ పొద్దు వచ్చి నా మొగం ఏం చూస్తావు? ధర్మవరం దాటి హిందూపురం దిగు, ఉగ్గాని తిను. మర్నాడు పెనుకొండ పోయి మా కొండెక్కు. మీ సముద్రం నేను చూసినా కదా, మా కొండ నువ్వు చూడొద్దా? మద్యాన్నానికి నా దగ్గరికి రా." సరే అన్నాను. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నా.

హిందూపురం

స్టేషను బయట ఆటో అతను "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు. ఎంత తీసుకుంటావన్న మాటకి "దుడ్లు తర్వాత మాట్లాడుకుందాం, ముందు కూచో" అన్నాడు. ఫోనులో ఎవరితోనో కన్నడం, నాతో తెలుగు, మలుపు దగ్గర అడ్డొచ్చిన బండివాడితో రెండూ కలిపి. మా వైపు ఒక్క భాషలోనే తిడతారు, ఈయన తిట్లకి కొదవే లేదు.

ఉగ్గాని తిన్నాను. బొరుగుల్ని, అంటే మన మరమరాల్ని, తడిపి తాళింపు వేసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి రెండు ఇడ్లీలు ఇచ్చి ముఖం తిప్పుకుంటారు. మధ్యాహ్నం రాగి సంగటీ, చెనక్కాయల ఊరుబిండీ, అంటే వేరుశనగ పచ్చడీ. సంగటి ముద్దని నమలకూడదట, మింగాలట. వడ్డించే ఆమె నేను నమలడం చూసి "అయ్యో, పిల్లోళ్ళ మాదిరి నములుతాండావే!" అని నలుగురిలో నా పరువు తీసింది.

నేను అక్కడ గమనించిందొకటి చెప్పాలి. ఎక్కడికి వెళ్ళినా ముందు నీళ్ళిస్తారు. మా వైపు ఇంటికొస్తే కాఫీ తాగుతారా అని అడుగుతాం, వద్దంటే బతికిపోయాం అనుకుంటాం. ఇక్కడ అడగరు. బట్టల కొట్లో నీళ్ళు, మందుల షాపులో నీళ్ళు, లాడ్జిలో పేరు రాయకముందే చెంబుతో నీళ్ళు. అలాగని ఊళ్ళో నీళ్ళేమైనా పొంగిపొర్లుతున్నాయా అంటే, లేదు. ప్రతి గడపముందూ ప్లాస్టిక్ డ్రమ్ములు, కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెల వరస. కొని తాగే నీళ్ళు. ఆ కొన్న నీళ్ళనే మట్టిమూకుడులో పోసి పిచ్చుకలకి పెడుతున్నారు, గోడవారన తొట్టిలో పోసి దారినపోయే గొర్రెలకి పెడుతున్నారు. లాడ్జి మేనేజరుని అడిగాను, ఇంత కరువులో ఇదేం దానం అని. "నీళ్ళు లేవనే కదమ్మా పెట్టేది. దండిగా ఉంటే ఎవురు పెడ్తారు?" అన్నాడు.

బాగుందే అనుకున్నాను. నోట్లో నీళ్ళూ మనసులో మెప్పూ నింపుకుని గదికెళ్ళి పడుకున్నా. ఆ మర్యాదే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు.

సోమందేపల్లి మీదుగా

పొద్దున్నే బస్సు. ఒళ్ళో సీసా. సోమందేపల్లి దగ్గర చాలామంది దిగారు, కిటికీ దొరికింది. రెండు పక్కలా ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, ఖాళీగా పడున్న చెనక్కాయ చేలు. ఏదో గ్రహం మీదికొచ్చినట్టుంది సముద్రం మనిషికి. సీసా మూత తీసి నాలుగు చుక్కలు ఉప్పునీళ్ళు చల్లాను. తల్లి చుట్ట అలాగే ఉంది. గుడ్లని నోటితో ఒక్కొక్కటే తిప్పి శుభ్రం చేస్తోంది. బూజు పట్టకుండా అలా నాకుతుంది. పక్క సీటామె తొంగిచూసి "అది తల్లా?" అంది. అవునన్నాను. "మొగుడు యాడ?" అంది. తెలీదన్నాను. "ఎవురికీ తెల్దులే" అని కళ్ళు మూసుకుంది.

పెనుకొండ

కొండ ఊరి నెత్తిమీదే ఉంది. కోటగోడ ముక్కలు ముక్కలుగా కొండ చుట్టూ తిరిగి ఎక్కడికో పోయింది. ఎండ అప్పటికే కాలుస్తోంది. కొండకింద ఒక అవ్వ అంగడి కనిపించింది. నాలుగు గుంజలు, పైన బోద గడ్డి కప్పు, ఒక మట్టికుండ, మజ్జిగ, నిమ్మకాయ సోడాలు, ఉడకేసిన చెనక్కాయలు. నన్ను చూడగానే మాట లేదు పలుకు లేదు, చెంబు ముంచి చేతికిచ్చింది. చల్లటి నీళ్ళు. గటగటా తాగాను.

"యాడనుంచి వస్తాండావమ్మా?"

సముద్రం ఒడ్డు నుంచన్నాను.

"సీసాలో ఏముండాది?"

దాచలేదు. చూపించాను. "జెర్రా! సావగొట్టకుండా దేశం మోసుకోని తిరుగుతాండావా! నీకేమన్నా తిక్కనా?" అని రెండడుగులు వెనక్కి వేసింది. నాకు టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? పాఠం మొదలెట్టాను. ఇది కరిచే జెర్రి కాదవ్వా, ఇది తల్లి, ఇవిగో గుడ్లు, పిల్లలు బయటికొచ్చేదాకా తిండి ముట్టదు, చూడు ఎలా కాపలా కాస్తోందో, అన్నాను. అవ్వ మొహం మారిపోయింది. వంగి చూసింది.

"అన్నమే తినదా?"

"తినదు."

"అయ్యో. బాలింత."

అంతా చెప్పాను. ఉప్పునీళ్ళ సంగతొక్కటే చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. సముద్రపు జెర్రి అంటే ఉప్పునీళ్ళదే కదా, అది వేరే చెప్పాలా? మా ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. ఇది మా ఊరు కాదన్న జ్ఞానం నాకు లేకపోయింది.

కొండమీద ఎండకి సీసా వేడెక్కిపోతుందని భయపడి, కుండ పక్కన నీడలో పెట్టి, చూస్తుండవ్వా, ఎండ తగలనీకు అని చెప్పి ఎక్కాను. పైదాకా ఎక్కలేకపోయాను. సగం దాటాక ఒక బండమీద కూలబడి ఊరంతా చూశాను. షమీమ్ చిన్నప్పుడు ఇక్కడే జెర్రుల కోసం రాళ్ళు తిప్పి ఉంటుంది. ఫోను చేశాను. "ఎక్కినావా? గాలి వస్తాండాదా? సగమైనా మేలేలే. నా జెర్రి ఎట్లుండాది?" అంది. గొంతులో చిన్నపిల్ల ఉత్సాహం. తల్లీపిల్లలు క్షేమం అని చెప్పాను.

దిగి వచ్చి చూస్తే సీసా నిండా నీళ్ళు. మూతిదాకా. ఇసుక లేచి నీళ్ళు తెల్లగా కలకబారాయి. జెర్రి చుట్ట విడిపోయి పొడుగ్గా, ఉబ్బి, అటూ ఇటూ ఊగుతోంది. గుడ్లు ఎక్కడికక్కడ చెదిరి తేలుతున్నాయి.

"ఏం చేశావవ్వా?" అన్నాను.

"నోరెండి పోయుండాది పాపం. బాలింత కదా. రెండు చెంబులు పోసినా. మంచినీళ్ళేనమ్మా, బోరు నీళ్ళు కాదు, కొన్న నీళ్ళు. నేను తాగేటివే పోసినా" అంది. ముఖం వెలిగిపోతోంది. మెచ్చుకుంటానని చూస్తోంది.

ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. బుద్ధుందా, ఎవరు పొయ్యమన్నారు, ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాను కదా అని అరిచాను. నిజానికి ముట్టుకోవద్దని చెప్పలేదు. ఎండ తగలనీకు అన్నానంతే. ఉప్పునీళ్ళలో పుట్టినదాన్ని మంచినీళ్ళలో ముంచితే ఆ నీళ్ళు ఒంట్లోకి దూరి ఉబ్బి చస్తుందని గసపెట్టుకుంటూ చెప్పాను. సోడా తాగడానికొచ్చిన వాళ్ళు నిలబడి చూస్తున్నారు. అవ్వ మాత్రం నామీద కోపం తెచ్చుకోలేదు. ఆమెకి అర్థమే కాలేదు.

"నీళ్ళు పోస్తే సచ్చేదుంటాదా అమ్మా యాడన్నా?" అని అడిగింది. నిజంగానే అడిగింది.

సీసాలో నీళ్ళు ఒంపేసి, బాటిల్లోని సముద్రపు నీళ్ళు కొంచెం పోశాను. కొంచెం బాటిల్లో మిగిలింది. ఒక కాలు ఆడింది. ఆడిందనే అనిపించింది. బస్సెక్కాను. బయల్దేరేముందు, తాగిన నీళ్ళకి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు ఆవిడ. అదింకా మండించింది నన్ను.

ధర్మవరం

బస్సులో దారంతా సీసా వైపే చూశాను. కుదుపుకి కదిలినా బతికిందనుకున్నా. ధర్మవరంలో దిగేసరికి కుదుపు లేకపోతే కదలడం లేదు.

షమీమ్ వాళ్ళ వీధిలో ఇంటింటికీ మగ్గం. టకటకా చప్పుడు ఆగదు. గుమ్మాల్లో పట్టుదారాలు రంగురంగులుగా ఆరేసి ఉన్నాయి, ఇంకో రోజైతే నిలబడి చూసేదాన్ని. షమీమ్ కూతురు ఆయేషా తలుపు తీసి "రా చిన్నమ్మా, పొద్దున్నుంచీ నీ జెర్రి జెర్రి అనే పాటే" అంది. లోపల మంచం మీద షమీమ్. నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ముఖం ఉబ్బి నల్లబడింది, చేతులు పుల్లలయ్యాయి. జడ మాత్రం అదే, అంత నిండుగా. అద్దాలు పెట్టుకుని రెండు చేతులూ చాచింది. దారిలో అబద్ధం ఒకటి తయారుచేసుకున్నాను, గుడ్లు పెట్టాక తల్లి నిద్రపోతుందని. నోట్లోంచి రాలేదు. సీసా ఇచ్చేశాను.

చాలాసేపు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మంచినీళ్ళు పోసినారు కదా?"

తలూపాను.

"యాడ?"

"పెనుకొండలో. కొండకింద, అంగడి అవ్వ."

పకపకా నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "మా ఊరోళ్ళే! ఇంకెవురు పోస్తారు! ఆ ఎండలో నోరులేనిదానికి నీళ్ళు పొయ్యకుండా ఉండేదానికి వాళ్ళ చేతకాదే." తర్వాత నవ్వు ఆగిపోయింది. "నడిచేది చూడల్లని ఉన్నింది" అంది. నామీద అరిచినా బాగుండేది.

తనకి రోజుకి ఇంత అని కొలిచి ఇచ్చేది ఒక స్టీలు గ్లాసు నీళ్ళు. మందులు మింగడానికే సరిపోవు. ఎక్కువ తాగితే ఒంట్లో నిలిచిపోయి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ చూడ్డానికొచ్చిన చుట్టాలు ఊరుకోరు. "ఒకాయమ్మ టెంకాయ నీళ్ళు తెస్తాది, ఒకాయమ్మ మజ్జిగ. నీళ్ళు ఇయ్యకుండా సంపుతాండారని నా బిడ్డను తిడ్తారు. పోయిన నెల మా చిన్నత్త కొంగుచాటున చెంబు తెచ్చి తాపించింది. ఆ పొద్దే ఆస్పత్రికి మోసినారు నన్ను. మంచిదే, పాపం. ఏడ్చింది. ఆయమ్మా మీ అంగడి అవ్వా ఒకటే" అంది. ఆయేషా వంటింట్లోంచి "అప్పట్నుంచీ చుట్టాలు వస్తే నేను పక్కనే కూచుంటా చిన్నమ్మా" అంది.

సాయంత్రం ఆయేషా మందుల షాపుకి వెళ్ళింది. మేమిద్దరమే ఉన్నాం. పక్కింటి మగ్గం కొడుతూనే ఉంది. షమీమ్ నా సంచీలోని బాటిల్ చూసింది.

"అవి సముద్రం నీళ్ళా?"

మూత తీసి ఇచ్చాను. వాసన చూసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని "అదే ఉప్పు. ఏమీ మారల్యా" అంది. కాసేపటికి పెదాలు తడుపుకుంది. పొడి నాలుక, పొడి పెదాలు. ఉప్పు తగిలేసరికి దాహం రేగింది.

"సుగుణా, దప్పి అయితాండాది. ఒక గుక్క పొయ్యే."

కూజా నా చేతికి అందేంత దూరంలో ఉంది. గ్లాసు దానిమీద బోర్లించి ఉంది.

"వద్దే. నీ కోటా అయిపోయింది కదా" అన్నాను.

"ఒక్క గుక్క. ఆయేషాకి చెప్పనులే."

"వద్దు షమీమ్. మళ్ళీ ఆస్పత్రికి పోతావు."

నా వైపు చూసింది. కోపం కాదు. పరీక్షలో నాకన్నా ఒక మార్కు తక్కువొచ్చినప్పుడు చూసేది అలా. "నువ్వు బాగ చదువుకున్నావే" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. కూజా చెమరుస్తోంది, నేను దానివైపే చూస్తూ కూర్చున్నా. పొద్దున పెనుకొండలో అవ్వని తిట్టిన నోరు ఇంకా ఆరలేదు. అవ్వ చేసిన తప్పే మళ్ళీ నేను చెయ్యకూడదనుకున్నాను. అంత తెలివి నాది.

మర్నాడు బయల్దేరేటప్పుడు మామూలుగానే మాట్లాడింది. ఈసారి జెర్రి వద్దు, సగం ఎక్కిన కొండ పూర్తిగా ఎక్కు అంది. సీసా తన దగ్గరే ఉంచుకుంది.

తిరిగొచ్చాక

నెల తిరక్కుండా ఆయేషా ఫోను చేసింది. మెషీను మీద ఉండగానే గుండె ఆగిపోయిందట. "డాక్టరు చెప్పినట్లే చేసినాం చిన్నమ్మా. ఒక్క చుక్క ఎక్కువ ఇయ్యల్యా. ఆ పొద్దు కూడా పొయ్యేటప్పుడు నీళ్ళు అడిగింది. వచ్చినాక ఇస్తామంటిమి" అని ఏడ్చింది. మంచి పని చేశారని చెప్పాను. ఇంకేం చెప్తాను?

ఫోను పెట్టేశాక ఒడ్డుకెళ్ళాను. ఆటు సమయం. పాయ దగ్గర రాళ్ళు తిరగేస్తే రెండోదాని కిందే ఉంది ఇంకో జెర్రి, చరచరా నడుచుకుంటూ పోయింది. దాన్ని చూసి నాకు ఏడుపు కాదు, అసహ్యం వేసింది. రాయి దబ్బున వేసేసి వచ్చేశాను.

మీలో ఎవరైనా పెనుకొండ వెళ్తే కొండకింద ఆ అంగడి ఉంటుంది. మీరు అడక్కముందే అవ్వ చెంబు నీళ్ళు ఇస్తుంది, తాగండి. ఒక సముద్రం మనిషి మీకు క్షమాపణ చెప్పమంది అని చెప్పండి. నీళ్ళు పోస్తే సచ్చేదుంటాదా అని నన్నడిగింది కదా, ఉంటుందవ్వా అనే చెప్పాలి. కానీ పొయ్యకపోయినా చచ్చిపోతారు. ఎలాగూ పోయేదానికి ఒక్క గుక్క పోసి ఉండాల్సింది నేను.